కడుపులో చల్ల

"కడుపులో చల్ల కదలకుండా బతకరా" అని
మా మేనత్త దీవించింది.
అక్షరాలా అలాగే బతికాను
పన్నెండేళ్లు, షెఫీల్డ్‌లో, టాక్సీ సీట్లో.

ఈ ఊరూ ఏడు కొండల మీదే ఉందంటారు.
ఏడు కొండలంటే ఒకప్పుడు మొక్కు గుర్తొచ్చేది,
ఇక్కడ రెండో గేరు గుర్తొస్తుంది.
ఏ ఎత్తుకి క్లచ్ ఎంత నొక్కాలో
నా ఎడమ పాదానికి తెలుసు,
మిగతా ఒంటికి అది ఎన్నడూ చెప్పలేదు.
రాత్రి రెండింటికి వెనిగర్ చల్లిన చిప్స్,
నాలుగింటికి తీపి టీ,
ఎయిర్‌పోర్టు దాకా ఇంకొక్క బేరం.

డొక్క మీద చల్లటి జిగురు పూసి
ఆ అమ్మాయి తెర నా వైపు తిప్పింది.
జనవరి పొద్దున బండి అద్దంలా
తెల్లగా పొగబారి ఉంది
నా కార్జం.
కాలేయం అనాలేమో, పెద్దమాట.
నాకు మటన్ కొట్లో అడిగే మాటే నోటికొచ్చింది.

తాగుతావా అని డాక్టరు మూడుసార్లు అడిగింది.
చుక్క ముట్టనన్నాను. నమ్మింది.
మా ఆవిడ ఇప్పటికీ సగమే నమ్ముతుంది.
మందు ముట్టని నాకు
మందు కూడా రాయలేదు.
వారానికి మూడు పూటలు,
చెమట పట్టేలా, పన్నెండు వారాలు,
అదే చీటీ.

"కొవ్వెక్కిందిరా పైడిరాజూ నీకు" అని
లెక్కల మాస్టారు చెవి మెలేసినప్పుడు
ఏడుపొచ్చింది.
అదే మాట యంత్రం అంటే
సంతకం పెట్టి తీసుకున్నాను.

ఆసుపత్రి వెనక, పాత లాండ్రీ గదిలో
ఆరు సైకిళ్లు, ఎక్కడికీ పోనివి.
మీటరు తిరుగుతుంది, పైసా రాలదు.
నా పక్క సైకిలు మారీన్‌ది.
బడిపిల్లలకి ముప్పై ఏళ్లు వడ్డించిన మనిషి.
"వాళ్లు వదిలేసిన కస్టర్డంతా నా పొట్టలోకే, లవ్,
పారేస్తే పాపం కదా" అంది.
నన్నూ లవ్ అంటుంది, లిఫ్టునీ లవ్ అంటుంది.

"మాట రావాలి, పాట రాకూడదు,
అంత వేగం చాలు" అన్నాడు నేర్పే కుర్రాడు.
మారీన్ వెంటనే పాడి చూపించింది.
బిగింపు రెండు చుట్లు పెంచాడు.

నవంబర్లో రెండు వారాలు ఎగ్గొట్టాను.
వాన అన్నాను. మోకాలన్నాను.
నిజానికి నిద్ర.
తిరిగి వెళ్తే ఎవరూ ఏమీ అడగలేదు.
నా సైకిలు సీటు మీద మాత్రం
మారీన్ తడి కోటు,
ఇంకెవరూ ఎక్కకుండా.

పన్నెండో వారం తూకం ఎక్కాను.
అదే అంకె.
అరకిలో కూడా దిగలేదు.
ఇన్ని చెమట చొక్కాలు ఎవరి ఖాతాలో పడ్డాయి?
బూట్లు విప్పి మళ్లీ ఎక్కాను.
అప్పుడు స్కాను కాగితం చేతికిచ్చింది డాక్టరు:
నూటికి పద్దెనిమిది పాళ్లున్న కొవ్వు
పన్నెండుకి దిగింది.
బెల్టుకి తెలియకుండా,
ముల్లుకి చెప్పకుండా
లోపల్లోపల కరిగింది.
ఇంకా ఉంది పొగ.
చేత్తో తుడిచినంత మేర
అవతల రోడ్డు కనిపిస్తోంది.

అత్తా, నువ్విప్పుడు లేవు గాని,
తెల్లారకుండానే కవ్వానికి తాడు చుట్టి
భుజాలు లాగేసేదాకా చిలికేదానివి.
కదలని చల్లలో
వెన్న ఏనాడైనా తేలిందా,
నువ్వే చెప్పు.

నిన్న సాయంత్రం జల్లులో
మారీన్ కొండెక్కుతూ కనపడింది.
బండి ఆపి అద్దం దించాను.
"డబ్బులొద్దు, ఎక్కు" అన్నాను.
మాట్లాడకుండా చేత్తో పొమ్మంది.
ఊపిరి ఎగదోస్తూ పెదాలు కదిపింది,
ఏదో పాటే,
మొదటి ముక్క కూడా బయటికి రాలేదు.

సరైన వేగమే.
రెండో గేర్లో, లైట్లు తగ్గించి,
కొంత దూరం ఆమె వెనకే వెళ్లాను.